ఐదు బెంచీల దూరం

శాన్ ఆంటోనియోలో మేము దిగవలసిన హోటల్‌కి రోడ్డు వైపు ఒక గుమ్మం, నీటి వైపు ఒక గుమ్మం ఉన్నాయి. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ప్రయాణానికి వారం ముందే నోటుబుక్కులో చిరునామా, ఫోన్ నంబరు, రెండు గుమ్మాల వివరం రాసుకున్నాను. జూన్ మూడో గురువారం మధ్యాహ్నానికి ఆ హోటల్ ముందు వీధంతా తవ్వేసి ఉంటుందని మాత్రం రాసుకోలేదు.

నాకు డెబ్బై నాలుగేళ్లు. మా అక్కకి డెబ్బై తొమ్మిది దాటి నాలుగు నెలలు. మా తమ్ముడి మనవరాలి పెళ్లి శనివారం అక్కడి చర్చిలో. తక్కినవాళ్లంతా ఆఫీసులు చూసుకుని శుక్రవారం సాయంత్రానికి వస్తారు. ఎవరినీ సెలవు అడగనక్కర్లేని వాళ్లం మేమిద్దరమే కాబట్టి ఒక రోజు ముందే బయల్దేరాం. నేను ఫ్రిస్కో నుంచి వచ్చి డల్లాస్‌లో విమానం ఎక్కాను. ఆమె అరోరా నుంచి వచ్చి చికాగోలో ఎక్కింది. నా విమానం ఒంటిగంటా పదికి దిగింది, ఆమెది రెండూ ఐదుకి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అక్క తొమ్మిదేళ్లుగా అరోరాలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ అబ్బాయికి ఉద్యోగం వేరే రాష్ట్రంలోని హెర్న్‌డన్‌కి మారింది. అక్కడ వాళ్లకి దొరికింది రెండు గదుల అపార్ట్‌మెంటు. మంచాన పడ్డ కోడలి తల్లి కూడా వాళ్లతోనే ఉండాలి. అందుకని అక్క కోసం అరోరాలోనే, వయసు మళ్లినవాళ్లుండే భవనంలో ఒక గది చూశారు. తీసుకునేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలి. ఈ కబురు ఏప్రిల్‌లోనే తెలిసి నేను ఫోన్ చేసి, "మా దగ్గరికి వచ్చేయక్కా, కింద నా గది పక్క గది ఖాళీగానే ఉంది" అన్నాను. ఇల్లు మా అమ్మాయిది. "పెద్దమ్మని రమ్మనమ్మా" అని ముందుగా అన్నది కూడా అమ్మాయే. అక్క ఫోన్లో, "ఎందుకులేవే, నీకు శ్రమ" అంది. నేను నోటుబుక్కులో ఆ తేదీ వేసి, "అక్క రానంది" అని రాసి కింద గీత గీశాను. ముప్పై ఒక్క ఏళ్లు నీటిపారుదల శాఖ ఆఫీసులో కూర్చుని, లాకుల దగ్గర నుంచి వచ్చిన నీటిమట్టాలు రిజిస్టర్లో ఎక్కించిన చెయ్యి నాది. వచ్చిన అంకె వచ్చినట్టు రాయడం, రాసింది దిద్దకపోవడం దానికి అలవాటు.

విమానాశ్రయంలో అక్క సామాను చూడగానే నాకు నీరసం వచ్చింది. రెండు పెద్ద చక్రాల పెట్టెలు, వాటి మీద నైలాన్ తాడు కట్టిన అట్టపెట్టె, భుజాన సంచి. నా దగ్గర ఎప్పుడూ చేతి త్రాసు ఉంటుంది. తూచి చూశాను. ఒకటి నలభై తొమ్మిదిన్నర పౌన్లు, రెండోది నలభై ఎనిమిది. కలిపితే నలభై నాలుగు కిలోల పైమాటే. అట్టపెట్టె పదకొండు పౌన్లు, అందులో సున్నుండలూ కజ్జికాయలూ.

"నాలుగు రోజుల పెళ్లికి ఇన్ని పెట్టెలేంటక్కా? పెళ్లికూతురికి కూడా ఇంత సామాను ఉండదు."

"ఉండనీవే. టికెట్‌తో పాటు రెండు పెట్టెలు ఫ్రీ అన్నారు."

"ఫ్రీ అని రాళ్లు వేసుకొచ్చావా?"

"నీ నోరుంది చూశావూ, ఎండకి కూడా వాడిపోదు."

తిరుగు ప్రయాణం వివరం కూడా రాసుకుందామని నోటుబుక్కు తీశాను. "సోమవారం ఎన్నింటికి నీ విమానం?" అని అడిగాను. "ఇంకా తీయలేదే, తర్వాత చూద్దాంలే" అంది. నాకు ఒళ్లు మండింది. జూన్‌లో, అందులోనూ నాలుగు రోజుల ముందు టికెట్ తీసుకునేవాళ్లని ఏమనాలి? ఆమె పేజీలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

టాక్సీ అతను మంచివాడే. అరవై ఏళ్లుంటాయి, తెల్ల మీసం. ఊళ్లోకి వచ్చాక ఒక మలుపులో నారింజ రంగు డ్రమ్ములు అడ్డం పెట్టి ఉన్నాయి. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, మూడోసారి కూడా డ్రమ్ముల దగ్గరికే వచ్చాడు. ఇక ముందుకు పోవడం కుదరదని, కిందికి దిగే లిఫ్టు ఒకటి చూపించాడు. అందులో దిగితే నీటి పక్కన బాట వస్తుందట. ఎడమ చేతి వైపు పది నిమిషాలు నడిస్తే హోటలట. సామాను దించి, నుదురు తుడుచుకుని అడిగాడు, తను కూడా వచ్చి మోయనా అని.

అక్క వెంటనే రెండు చేతులూ ఊపింది. "నో నో, పర్లేదు, వి ఆర్ ఫైన్."

నేను నోరు తెరిచి మూసుకున్నాను. పెద్దది ఒక మాట అన్నాక పరాయి మనిషి ముందు చిన్నది ఇంకో మాట అనడం మా ఇంట్లో లేదు. అతను "ఆల్‌రైట్, టేక్ కేర్" అన్నాడు. తలుపు వేసుకుని, కారు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

అక్క ఆ కారు మలుపు తిరిగే దాకా చూసింది. "అదేంటే, వెళ్లిపోయాడు!"

"వద్దన్నావుగా."

"వద్దనక? అడగ్గానే ఎగబడతామా? ఇంకోసారి అంటాడనుకున్నా."

"ఇక్కడ ఇంకోసారి అనరక్కా. ఒకసారి అడుగుతారు. మనం ఏది చెబితే అది నిజమనుకుంటారు."

"తొమ్మిదేళ్లయినా నాకు అలవాటు కాలేదమ్మా. నీకు అయిపోయింది, నయమే."

ఆ చివరి మాటలో ఒక చిన్న ముల్లుంది. ఆ ఎండలో అది నాకు గుచ్చుకోలేదు. అప్పటికి మూడూ ఇరవై.

లిఫ్టు ఇరుకు. రెండు విడతల్లో దిగాం. తలుపు తెరుచుకునేసరికి పైన వీధి చప్పుడంతా పోయి, చల్లటి నీడ, పాచి వాసన, ఎదురుగా ఆకుపచ్చటి నీళ్లు. ఆ ఊరివాళ్లు దాన్ని నది అంటారు. రెండు వైపులా రాతి గట్టు, ఎక్కడో గేట్లు, పరుగు లేకుండా నిలబెట్టిన నీళ్లు. మా ఆఫీసులో అయితే కాలవల పద్దులోనే రాసేవాళ్లం. గట్టుకి కమ్మీ కూడా లేదు. బాట వెడల్పు ఒకచోట ఆరడుగులు, ఒకచోట నాలుగు. ఒక పక్క హోటళ్ల కుర్చీలు, గొడుగులు, ఇంకో పక్క నీళ్లు, మధ్యలో ఎదురొచ్చే జనం. కింద పరిచినవి ఎగుడుదిగుడు రాళ్లు. పెట్టె చక్రాలు ప్రతి రాయికీ ఆగి ఆలోచించాయి.

నేను ఒక పద్ధతి చెప్పాను. నా చిన్న పెట్టె మీద అట్టపెట్టె పెట్టుకుని, దాన్నే ఆసరాగా పట్టుకుని అక్క నడవాలి. ఆమెకి కుడి తుంటి నొప్పి. నేను ఒక పెద్ద పెట్టె లాక్కుంటూ వస్తాను. రెండోది కంటికి కనిపించేంత దూరంలోనే వదులుతాం. ముందున్న బెంచీ దగ్గర అక్కని కూర్చోబెట్టి, నేను వెనక్కి వెళ్లి రెండోది తెస్తాను. అలా బెంచీ నుంచి బెంచీకి. అక్క ఒకసారి నడిచిన దూరం నేను మూడుసార్లు నడవాలి. లెక్క తేలిగ్గానే ఉంది. కాళ్లకి మాత్రం లెక్కలు రావు.

మొదటి బెంచీ రెండు వందల పది అడుగులకి వచ్చింది. రెండోది రెండు వందల అరవై. అక్కడ రెండో పెట్టె తెచ్చి పడేసి కూర్చున్నాక అక్క తన సీసాలోంచి నీళ్లు ఇచ్చింది. తాగుతుంటే గట్టు పక్కకి ఒక ఖాళీ పడవ వచ్చి ఆగింది. వెడల్పుగా, పైన కప్పు లేకుండా, పెళ్లి పందిట్లో బల్లలా ఉంది. నడిపే అమ్మాయి టోపీ పైకెత్తి, ఎక్కడికని అడిగింది. హోటల్ పేరు చెప్పాను. తను అటే పోతున్నానని, ఎక్కుతారా అని అడిగింది.

"నో థాంక్యూ అమ్మా" అంది అక్క, నవ్వుతూ.

పడవ కదిలింది. అక్క నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది.

"అక్కా!"

"నోటికి వచ్చేసింది. ఏం చెయ్యను?" అంది. మళ్లీ తనే, "డబ్బులు అడుగుతుందేమో అని కూడా" అంది. అది అబద్ధం. ఇద్దరికీ తెలుసు.

ఆ పడవ మలుపు దగ్గర ఒక వంతెన కింద దూరి అవతల తేలింది. సరిగ్గా అక్కడే, నీటి మీదికి వంగిన ఒక చెట్టు వెనక, మా హోటల్ పేరు నీలం అక్షరాల్లో కనిపించింది. పడవకి రెండు నిమిషాలు పట్టింది. మాకు ఇంకా మూడు బెంచీలు.

మూడో బెంచీ దాకా వెళ్లేసరికి అక్క ఊపిరి గట్టిగా వినిపించింది. కూర్చోబెట్టి, మాట్లాడకుండా ఉండమన్నాను. మాట్లాడకుండా ఉండడం ఆమెకి నడక కంటే కష్టం.

"అమ్మ ఎన్నిసార్లు అడిగేదో గుర్తుందా?" అంది.

"మూడు."

"మూడోసారికి కూడా వద్దంటే వాళ్లు నిజంగా తిని వచ్చారన్నమాట. మన పాత పాస్టరుగారిని ఒకసారి రెండుసార్లే అడిగింది."

ఆ కథ నాకు తెలుసు. అయినా చెప్పనిచ్చాను. ఆ రోజు మా ఇంట్లో అన్నం ఒక్క మనిషికే మిగిలింది, నాన్న ఇంకా తినలేదు. అమ్మ రెండుసార్లు అడిగి ఆపేసింది. పాస్టరుగారు మూడోసారి కోసం గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ చాలాసేపు నిలబడ్డారట. ఒక చెప్పు వేసుకుని, తీసి దులిపి, మళ్లీ వేసుకుని. ఆ ఆదివారం ఆతిథ్యం మీద గంటన్నర ప్రసంగం చేశారు.

"గంటన్నరా అమ్మ తలెత్తలేదు" అంది అక్క. నవ్వుతుంటే తుంటి కలుక్కుమని, "అమ్మో" అని, మళ్లీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ మనసంతా వెనక వదిలిన పెట్టె మీదే ఉంది. లేచి వెళ్లాను. అక్కడ నా వయసువాళ్లే ఒక జంట ఆ పెట్టె పక్కన నిలబడి ఉన్నారు. ఎవరో మర్చిపోయారనుకున్నారట. నాదేనన్నాను. ఆయన పిడి పట్టుకుని, ముందు దాకా లాగనా అని అడిగాడు.

"నో నో, ఇట్స్ ఓకే" అన్నాను నేను.

అనేశాక నిలబడిపోయాను. ఆయన సరేనని పిడి వదిలి, భార్య చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. అక్కని అన్న మాటలన్నీ అప్పుడు నా నోట్లో చేదుగా తిరిగాయి. నలభై ఎనిమిది పౌన్ల పెట్టె లాక్కుంటూ తిరిగి వచ్చాను. జరిగింది అక్కకి చెప్పలేదు. ఆమె చూడనే చూసింది. "నీకు అలవాటైపోయిందనుకున్నానే" అనలేదు. అనకుండా నా మోచెయ్యి కింద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

నాలుగో బెంచీ. ఐదో బెంచీ. ఐదోదాని దగ్గర నుంచి హోటల్ గుమ్మం డెబ్బై అడుగులు. యూనిఫాం వేసుకున్న హోటల్ మనిషి ఒకతను మమ్మల్ని చూసి ఇత్తడి గొట్టాల ట్రాలీ తోసుకుంటూ ఎదురొచ్చాడు. సాయం కావాలా అనే మాట సగంలో ఉండగానే "ఎస్" అన్నాను. గట్టిగానే అన్నాను. వడ్డించకముందే కంచం చాపినదాన్ని చూసినట్టు అక్క నన్ను చూసింది.

నీటి గుమ్మం దాటేసరికి నాలుగూ ముప్పై ఐదు. గంటా పావు. అక్క నడిచిన అడుగులు పదకొండు వందల నలభై. చివరి డెబ్బై అడుగులు మినహాయిస్తే, నావి దానికి మూడు రెట్లు. గదిలో మంచం అంచున కూర్చుని ఇదంతా రాసుకోవాలనుకున్నాను. పెన్ను వేళ్ల మధ్య నిలవలేదు.

అక్క స్నానాల గదిలో కాళ్లు కడుక్కుంటోంది. ఆమె రక్తపోటు మాత్ర మధ్యాహ్నం వేసుకోలేదని గుర్తొచ్చింది.

"అక్కా, మాత్రలెక్కడ?"

"పెద్ద పెట్టెలో, పైనే. నేను తీస్తాలే, నువ్వు కూర్చో."

అది కూడా మొదటిసారి వద్దనడమే. పెట్టె తెరిచాను. పైన మాత్రల సంచి ఉంది. అందులో మూడు సీసాలు, మూడూ సీలు విప్పనివి, ఒక్కోదాని మీద తొంభై అని ఉంది. రోజుకి ఒక్కొక్క రకం ఒక్కొక్కటి చొప్పున, పెళ్లికి కావలసినవి పదిహేను. నా ముందు రెండు వందల డెబ్బై ఉన్నాయి.

సంచి కింద నేత చీరలు, పన్నెండు. వాటి మధ్యలో పాత తువ్వాలు చుట్టిన బావగారి ఫోటో, ఫ్రేముతో సహా. ఆమె కీర్తనల పుస్తకం. కాఫీ తాగే స్టీలు గ్లాసు. కంటి ఆపరేషన్ కాగితాలు. రెండో పెట్టె కూడా తెరిచాను. అరోరాలో నవంబరు నుంచి ఆమె ఒంటి మీది నుంచి దిగని దూది కోటు అందులో లేదు. చేతి తొడుగులు లేవు, మంచు బూట్లు లేవు. మంచు కురిసే ఊరికి తిరిగి వెళ్లే మనిషి సామాను కాదది. తిరుగు టికెట్ గడి ఖాళీగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఏప్రిల్‌లో నేను గీసిన గీత కూడా గుర్తొచ్చింది.

రెండు నెలలు ఆమె గుమ్మం దగ్గర నిలబడి చెప్పు వేసుకుంటోంది, తీసి దులుపుతోంది. నేను టాక్సీ అతనిలా కారు తిప్పుకుని వెళ్లిపోయాను.

అక్క తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తెరిచిన పెట్టెలు చూసింది. నా మొహం చూసింది. వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కింద నీళ్ల మీద ఇంకో పడవ పోతోంది, నిండా జనం.

"అక్కా, మా దగ్గరికి వచ్చేయ్" అన్నాను.

"ఎందుకులేవే. అమ్మాయికి ఇబ్బంది."

రెండు. నేను బల్ల పట్టుకుని లేచాను. మాత్రలు మూడూ చేతిలో వేసి నీళ్లిచ్చాను, మింగింది. గదిలో ఉన్న కాఫీ యంత్రంలో కాఫీ పెట్టాను. కాగితం కప్పులో కాకుండా ఆమె స్టీలు గ్లాసు కడిగి అందులో పోసి తెచ్చాను. పాలపొడి కలవక ఉండలు కట్టింది. ఆమె ఎదురుగా మంచం మీద కూర్చుని, ఇంకోసారి అడిగాను.

"వచ్చేయ్ అక్కా. నా పక్క గదే. నాకు కూడా తోడు లేదు."

ఆ చివరి మాట నేను అనాలనుకోలేదు. ఏప్రిల్‌లో ఫోన్లో కూడా అనలేదు.

అక్క గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊదింది. అప్పటికే ఆ కాఫీ గోరువెచ్చగా ఉంది.

"ఇంత బలవంతం చేస్తుంటే ఏం చెయ్యను మరి" అంది.

తర్వాత ఇద్దరం చెప్పులు కూడా సర్దుకోకుండా చెరో మంచం మీద పడుకున్నాం. పెట్టెలు రెండూ తెరిచే ఉన్నాయి. మూసే ఓపిక ఎవరికీ లేదు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి అక్క కొడుకుతో మాట్లాడింది. తర్వాత అరోరాలోని ఆ భవనం ఆఫీసుకి తనే ఫోన్ చేస్తానంది. చెప్పవలసిన ఇంగ్లీషు వాక్యం రెండుసార్లు నాకు అప్పజెప్పి, స్పీకరు పెట్టి, గది వద్దని చెప్పింది. అవతలి ఆవిడ, సరే, చెప్పినందుకు థాంక్స్, హావ్ ఎ గుడ్ వీకెండ్ అని పెట్టేసింది.

అక్క ఫోన్ వంక చూస్తూ కూర్చుంది.

"అంతేనా?" అంది. "ఇంకోసారి అడగొద్దూ!"

నేను నోటుబుక్కు తీసి, ఆమె పేజీలో ఖాళీ గడిలో సోమవారం నా విమానం నంబరే వేశాను. ఆ పక్కన, పెట్టెలు రెండు, తొంభై ఏడున్నర పౌన్లు అని రాశాను. అవి మళ్లీ మొయ్యాలి.